తేయాకు కొండ మీద దొరల కాలం నాటి బంగ్లాలో మూడు రాత్రులు: వెళ్ళొచ్చా, మానుకోవాలా?

గోదారిగట్టు | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. అమ్మానాన్నల పెళ్ళయి ఈ జనవరికి నలభై ఏళ్ళు. సంక్రాంతి హడావిడి అయ్యాక మున్నార్ తీసుకెళ్దామనుకుంటున్నాం. హోటల్ వద్దని వెతుకుతుంటే ఓ టీ ఎస్టేట్ లోపల పాత బంగ్లా కనబడింది. తెల్లదొరల కాలంలో తోట మేనేజరు కోసం కట్టిందట. ఫోటోల్లో చెక్క నేల, ఫైర్‌ప్లేస్, ముందు పచ్చిక, దాని కింద కనుచూపు మేరా తేయాకు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, అమ్మకి చలి పడదు. నాన్నేమో "హోటల్లో అయితే టీవీ ఉంటుంది కదరా" అంటున్నారు. ఇలాంటి చోట ఉండొచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. అందంగా ఉంటుందన్న సంగతి ఫోటోల్లో నేనూ చూశాను.

మంచుముత్యం | ఆదివారం రాత్రి 9:31

ఇంక ఆలోచించకండి, బుక్ చేసేయండి! మేం కూనూరు దగ్గర ఇలాంటి దాంట్లోనే ఉన్నాం. పొద్దున్నే తలుపు తీస్తే మబ్బు ఇంట్లోకి వచ్చేసింది, నిజంగా. మా ఆయన ఆ రెండు రోజులూ ఫోన్ ముట్టుకోలేదు (సిగ్నల్ లేదు లెండి, అది వేరే సంగతి). బ్రిటిష్‌వాళ్ళు ఆ కొండలు కొనుక్కుని టీ వేశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే మనకి ఆ అందమంతా ఉండేదే కాదు.

పెంకుటిల్లు | ఆదివారం రాత్రి 10:05

గోదారిగట్టు గారూ, పాత ఇల్లు పాత ఇల్లే. పెంకుటింట్లో పెరిగినవాళ్ళకి కొత్తేం కాదు గానీ, అపార్టుమెంటుకి అలవాటుపడ్డవాళ్ళకి మొదటి రాత్రి నిద్ర పట్టదు. మేం వాల్పారై వైపు రెండు రాత్రులున్నాం. చెక్క నేల అడుగేస్తే మూలుగుతుంది. పక్క గదిలో ఎవరు బాత్రూంకి లేచారో, ఎన్నిసార్లు లేచారో ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. పైన రేకు, రేకు కింద చెక్క సీలింగు, ఆ రెంటి మధ్యా రాత్రంతా ఏదో పరిగెడుతూ ఉంటుంది. అదేమిటని మేం అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

చలి గురించి: ఆ గదులు పెద్దవి, పైకప్పు బాగా ఎత్తు. ఫైర్‌ప్లేస్ ముందు ఆరడుగుల మేర వెచ్చగా ఉంటుంది, మంచం దగ్గరికి వెళ్ళేసరికి పరుపు తడిసిందా అన్నంత చల్లగా తగులుతుంది. మేం భోంచేసి వచ్చేలోపు వంటాయన దుప్పటి కింద వేడినీళ్ళ రబ్బరు సంచులు పెట్టి వెళ్ళాడు. ఆ సంచి కోసమైనా మళ్ళీ వెళ్తాను.

మీ నాన్నగారి విషయంలో మెట్ల గురించి మీరెలాగూ అడుగుతారు. మంచం ఎత్తు కూడా అడగండి. పాత మంచాలు నడుము దాకా ఉంటాయి, మా అత్తగారు పీట వేయించుకుని ఎక్కాల్సివచ్చింది. బాత్రూం గుమ్మం దగ్గర మెట్టు దిగుడు ఉందేమో కూడా కనుక్కోండి. ఏం తింటారో పొద్దున్నే చెప్పేయాలి. రాత్రి తొమ్మిదికి ఆకలేస్తే ఆ కొండ మీద దొరికేది తేయాకే.

మాజీచిన్నదొర | సోమవారం ఉదయం 6:48

ఈ ప్రశ్న చూసి చాన్నాళ్ళకి లాగిన్ అయ్యాను. ఆనమలై కొండల్లో ఓ తోటలో పదకొండేళ్ళు అసిస్టెంట్ మేనేజరుగా చేశాను. అక్కడ మేనేజరు పెరియ దొరై, మేం చిన్న దొరై. దొర అని పిలిపించుకోవడం మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైంది. అలవాటైపోవడమే అసలు రోగమనుకోండి.

బంగ్లా ఎప్పుడూ గుట్ట కొమ్మునే ఎందుకుంటుందో తెలుసా? వరండాలో కాఫీ కప్పుతో నిలబడితే ఏ డివిజన్లో ఆకు కోస్తున్నారు, ఏ వరుస వెనకబడింది, ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి పొగ వస్తోందా లేదా, అన్నీ కనబడాలి. మీరు డబ్బు కట్టి చూసే ఆ 'వ్యూ' నిజానికి సూపర్‌వైజరు కుర్చీ. వంటిల్లు ఇంటికి దూరంగా వేరే కట్టులో ఉంటుంది. కట్టెల పొయ్యి, పొగ, చెక్క ఇల్లు కాబట్టి నిప్పు భయం. అందుకే బంగ్లాలో సూపు ఎప్పుడూ గోరువెచ్చగానే బల్ల మీదికి వస్తుంది. వంటాయన తప్పు కాదు, నడవా పొడుగు.

ఫైర్‌ప్లేస్ విషయంలో మాత్రం వేళాకోళం వద్దు. చిమ్నీ ఈ ఏడాది శుభ్రం చేయించారా అని బుక్ చేసేటప్పుడే అడగండి. పెద్దావిడకి చలేస్తోందని గదిలోకి బొగ్గుల కుంపటి తెప్పించుకుని తలుపులు బిగించుకోకండి. కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మంట ఉన్నంతసేపూ కిటికీ వేలెడు సందు తెరిచి ఉంచాలి. పడుకునే ముందు ఆర్పించేయాలి, దుప్పట్లు ఇంకో రెండు అడగాలి.

ఇంకోటి. జనవరిలో మున్నార్ పైతోటల్లో రాత్రి వేడి సున్నా దాకా పడిపోతుంది, గడ్డి మీద తెల్లటి మంచు పేరుకుంటుంది. ఫోటోకి బాగుంటుంది గానీ అది ఆకుని మాడ్చేస్తుంది. తోటలో గోధుమరంగు మచ్చలు కనిపిస్తే ఇదే కారణం. కొన్నిచోట్ల పొదలు ఆకే లేకుండా మోడుల్లా కనబడొచ్చు, అది ప్రూనింగ్. తేయాకు పొద కాదు, చెట్టు. వదిలేస్తే మన తలమీద నీడ పట్టేంత పెరుగుతుంది. నాలుగైదేళ్ళకోసారి మోకాలి దాకా నరికి, మళ్ళీ నడుము ఎత్తులో బల్లపరుపుగా తెస్తారు. కాబట్టి వరండా ముందు మోడుతోట ఉందని గొడవపడకండి. ఆకు తక్కువ కాలం కదా, ఫ్యాక్టరీ అన్ని రోజులూ నడవదు. ఏ రోజు నడుస్తుందో కనుక్కుని ఆ రోజే వెళ్ళండి. రాత్రంతా తొట్లలో ఆరబెట్టిన ఆకు వాసన ఒకటి ఉంటుంది, పచ్చిగడ్డికీ పండిన ఆపిలుకీ మధ్యన. కిలో పొడికి నాలుగున్నర కిలోల పచ్చాకు కావాలి. ఆ లెక్క గుర్తుపెట్టుకుని ఆకు తూకం దగ్గర ఓ పావుగంట నిలబడండి. బంగ్లాలో ఉన్న మూడు రోజుల కంటే అక్కడే ఎక్కువ తెలుస్తుంది.

చాదస్తపు మేష్టారు | సోమవారం ఉదయం 10:20

మంచుముత్యం గారూ, చిన్న సవరణ. మున్నార్ కొండల్ని ఎవరూ కొనుక్కుని నేరుగా టీ వేయలేదు. 1877లో జాన్ డేనియల్ మన్రో అనే ఆయన పూంజార్ రాజకుటుంబం నుంచి ఆ కణ్ణన్ దేవన్ కొండల్ని కౌలుకి రాయించుకున్నాడు. మొదట్లో వేసినవి కాఫీ, సింకోనా, ఏలకులూ. 1880లో ఎ.హెచ్. షార్ప్ అనే ప్లాంటరు తేయాకు నాటాడు. టీ అన్నిటినీ పక్కకి నెట్టేసింది మాత్రం 1890ల తర్వాతే, పెద్ద కంపెనీ దిగాక.

ఆ పైకొండల్లో ఒకప్పుడు రైలు కూడా ఉండేదంటే నమ్ముతారా? 1902లో ఎడ్లు లాగే ఒంటిపట్టా బండి, 1908 నుంచి చిన్న ఆవిరి రైలు, కుండల అనే లోయ దాకా. 1924 జూలై వరదలో మొత్తం కొట్టుకుపోయింది. మలయాళ కొల్లం శకంలో అది 1099, అందుకే అక్కడ పెద్దవాళ్ళు దాన్ని 'తొంభైతొమ్మిది వరద' అంటారు. మళ్ళీ ఎవరూ పట్టాలు వేయలేదు.

గోదారిగట్టు గారూ, మీ అమ్మగారికి ఓపికుంటే మున్నార్ ఊళ్ళో సీఎస్‌ఐ చర్చి వెనక గుట్ట ఎక్కించండి. అక్కడ తోటల తొలి జనరల్ మేనేజరు హెన్రీ నైట్ భార్య ఎలియనోర్ సమాధి ఉంది. 1894లో, పెళ్ళయి ఆ కొండలకి వచ్చిన కొద్ది రోజులకే కలరాతో పోయింది. ఆ గుట్ట అందం చూసి, పోతే తనని అక్కడే పాతిపెట్టమని అంతకు ముందే భర్తతో అన్నదని చెప్పుకుంటారు. చర్చి కట్టింది 1910 ప్రాంతంలో. అంటే ఊరికి గుడి కంటే స్మశానం ముందొచ్చింది.

ఎర్రమట్టి | సోమవారం మధ్యాహ్నం 1:15

నేనొక మాట చెప్త, కోపం జేసుకోకుండ్రి. మా ఊర్ల దొర గడి ఉండె. పెద్ద దర్వాజ, లోపట బావి. మా తాత ఆ దర్వాజ ముందర చెప్పులు చేతిల వట్టుకొని నడిచేటోడు. రేపు ఎవలన్న ఆ గడిని హోటల్ జేసి 'దొరల కాలం వైభవం' అని బోర్డు వెడితే మీరు దిగుతరా? దిగుతరేమో. నేనైతే దిగ.

బంగ్లా ఫోటోలల్ల ఎన్నడన్న కూలోళ్ళ ఇండ్లు కనవడ్డయా? లయాలు అంటరు అక్కడ. గోడకు గోడ ఆనుకొని వరుస, ఒక్కొక్క కుటుంబానికి ఒక అర్ర, ఇంత వంటిల్లు. 2015 సెప్టెంబర్ల మున్నార్ ఆడోళ్ళు బోనస్ కోసం రోడ్డెక్కిండ్రు, పెంబిళై ఒరుమై, అంటే ఆడోళ్ళ ఐక్యత, అని పేరు వెట్టుకొని. రోజు కూలి అప్పుడు 232 రూపాయలు. యూనియన్ లీడర్లను గూడ దగ్గరికి రానియ్యలే. 2020 ఆగస్టు 6 రాత్రి పెట్టిముడి కాడ కొండ ఇరిగి లయాల మీద వడ్డది, 70 మంది వోయిండ్రు. పోండ్రి, మంచిగ ఉండి రాండ్రి. గని ఇది గూడ తెల్సుకొని పోండ్రి.

మంచుముత్యం | సోమవారం మధ్యాహ్నం 1:40

అయ్యో, అమ్మానాన్నల పెళ్ళిరోజుకి వెళ్తున్న మనిషిని బోనెక్కించడం ఎందుకండీ? అలా అయితే ఏ కోటా చూడకూడదు, ఏ రాజమహలూ చూడకూడదు.

ఎర్రమట్టి | సోమవారం మధ్యాహ్నం 1:52

కోటల రాజు లేడు, కూలోడు గూడ లేడు. తోటల ఇద్దరూ ఇంక ఉన్నరు. అదొక్కటే ఫరకు.

మాజీచిన్నదొర | సోమవారం సాయంత్రం 4:30

ఎర్రమట్టి అన్నా, కాదనను. ఇల్లు, ఆసుపత్రి, పసిపిల్లలకి క్రెష్, ఇవన్నీ తోట యాజమాన్యమే ఇవ్వాలని 1951 ప్లాంటేషన్ లేబర్ చట్టం వచ్చింది. ఇచ్చారు. కానీ ఇల్లు ఉద్యోగంతో ముడి. ముప్ఫై అయిదేళ్ళు ఆకు కోసినావిడ రిటైరయ్యాక, ఇంట్లో ఇంకెవరూ తోటలో పనిచేయకపోతే తాళం అప్పజెప్పాలి. కూతురికి కొలువు వేయించమని నా బంగ్లా గుమ్మం ముందు నిలబడ్డవాళ్ళు ఇప్పటికీ గుర్తొస్తారు. నేనేం చేయగలిగానంటే, పెద్దగా ఏం చేయలేదు.

ఒక్కటి మాత్రం చెప్తాను. టీ ధర పడిపోయాక చాలా తోటలు అసిస్టెంట్ల సంఖ్య తగ్గించేశాయి, బంగ్లాలు ఖాళీ పడ్డాయి. ఖాళీ బంగ్లా ఆ వానకి నిలవదు, చెద తినేస్తుంది. అతిథులు వస్తున్నారు కాబట్టే వంటాయన, తోటమాలి, కాపలా మనిషి జీతాలు నడుస్తున్నాయి. దాన్ని ఎటు తూకం వేస్తారో మీ ఇష్టం.

బ్రహ్మపుత్ర ఒడ్డు | సోమవారం రాత్రి 8:55

నేనెప్పుడూ ఇక్కడ రాయలేదు, చదవడమే. మా అమ్మమ్మ తరపువాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి అస్సాం తోటలకి కూలికి పోయినవాళ్ళు. ఇప్పటికీ అక్కడి తోటల్లో తెలుగు కుటుంబాలున్నాయి. మాట మీకు వింతగా ఉంటుంది, తోటల్లో మాట్లాడే సాద్రి భాష కలిసిపోయింది. అక్కడి బంగ్లాలు వేరు. చెమ్మకీ పురుగూపుట్రాకీ దూరంగా స్తంభాల మీద లేపి కడతారు, ఛాంగ్ బంగ్లా అంటారు.

ఉద్యోగం వచ్చాక నేను అలాంటి ఒకదాంట్లో ఒక రాత్రి గది తీసుకున్నాను, కావాలనే. మా అమ్మమ్మ తల్లి అలాంటి ఇంటి నేల తుడిచి ఉంటుంది. ఏదో పెద్ద ఉద్వేగం వస్తుందనుకుని వెళ్ళాను. కోపం రాలేదు, గర్వమూ రాలేదు. వరండా బాగుంది, గాలి బాగా వచ్చింది. పొద్దున్నే టీ తెచ్చినబ్బాయి మా మేనమామ కొడుకు పోలికలో ఉన్నాడు. నిజం చెప్పాలంటే అతనికి ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చోలేకపోయాను, అంతే.

వేదిక నిర్వాహకులు | సోమవారం రాత్రి 9:20

ఈ మధ్యలో వచ్చిన నాలుగు వ్యాఖ్యలు తీసేశాం. గడీల మీద వాదన వేరే శీర్షిక పెట్టుకుని కొనసాగించండి, అందులో వద్దనం. ఇక్కడ అడిగినాయన ప్రయాణం సంగతి తేల్చండి.

లంకావాసి | మంగళవారం ఉదయం 7:05

మూడేళ్ళుగా కొలంబోలో ఉద్యోగం. హటన్ వైపు ఇలాంటి బంగ్లాలు బోలెడు. ఇక్కడా మొదట కాఫీయే. 1867లో జేమ్స్ టేలర్ లూల్‌కందుర తోటలో 19 ఎకరాల్లో తేయాకు వేశాడు. రెండేళ్ళకే ఆకుతుప్పు తెగులు బయటపడి కాఫీని తుడిచిపెట్టేసింది, అందరూ టీ మీద పడ్డారు. బంగ్లాల్లో బట్లరు తెల్ల చేతితొడుగులేసుకుని వడ్డిస్తాడు. మా అబ్బాయి భయపడి అన్నం తినలేదు. మీరు వెళ్ళే చోట అంత ఆర్భాటం లేకపోతే అదే మేలనుకోండి.

గోదారిగట్టు | మంగళవారం రాత్రి 9:00

అందరికీ చాలా థాంక్సండి. ఎర్రమట్టి గారి పోస్టు నాన్నకి చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "వెళ్దాం, కానీ అన్నీ చూద్దాం" అన్నారు. ఇంకా కొన్ని అనుమానాలు. జలగలుంటాయా? ఏ దారి మంచిది? అడవి జంతువుల గొడవ ఏమైనా ఉందా?

పెంకుటిల్లు | మంగళవారం రాత్రి 9:25

జలగలు వానాకాలం వ్యవహారం, జనవరిలో పెద్దగా ఉండవు. జూలైలో మా వాల్పారై ప్రయాణంలో మాత్రం నా సాక్సులోంచి ఏడు తీశాం. పీకకండి, గోరుతో పక్కనుంచి నెట్టేస్తే వదిలేస్తుంది.

మాజీచిన్నదొర | బుధవారం ఉదయం 6:30

కొచ్చి ఎయిర్‌పోర్టు నుంచి నేరియమంగళం, అడిమాలి మీదుగా దాదాపు 110 కిలోమీటర్లు. దూరం చూసి మోసపోకండి, ఘాట్ రోడ్డు, నాలుగ్గంటలు తీసేసుకోండి. చీకటి పడకముందే బంగ్లా చేరాలి, చివరి కిలోమీటర్లు తోట లోపలి మట్టిరోడ్డే ఉంటుంది. పడయప్ప అని ఆ ఊరివాళ్ళు పేరు పెట్టిన ఒంటరి ఏనుగు ఆ దారుల్లో తిరుగుతూ ఉంటుంది. ఎదురైతే బండి ఆపి లైటు తగ్గించి కూర్చోవడమే, హారను కొట్టకూడదు. చీకటి పడ్డాక పచ్చికలోకి దిగకండి. అడవిదున్నలు వచ్చి మేస్తాయి, చూడ్డానికి గేదెలా ఉంటుంది గానీ గేదె కాదు.

ఇరవికుళంలో వరయాడు మేకల్ని చూడాలనుకుంటే నెలాఖరులోపే వెళ్ళండి. ఫిబ్రవరి, మార్చిలో అవి ఈనే కాలమని పార్కు మూసేస్తారు. కురింజి పూలు మాత్రం అడక్కండి. 2018లో పూశాయి, మళ్ళీ 2030లోనే.

గోదారిగట్టు | ఫిబ్రవరి మొదటి ఆదివారం

వెళ్ళొచ్చాం. అమ్మ దగ్గు తగ్గేదాకా రాయబుద్ధి కాలేదు. ఆ దగ్గు కథే ముందు చెప్తాను.

చిమ్నీ గురించి అడిగాను. "శుభ్రంగా ఉంది సార్" అన్నారు ఫోన్లో. మొదటి సాయంత్రం మంట వేశారు. అయిదు నిమిషాల్లో పొగంతా గదిలోకే వచ్చేసింది. పైన ఏదో పక్షి గూడు కట్టుకుందట. పెళ్ళిరోజు పూట నలుగురం దుప్పట్లు కప్పుకుని వరండాలో కూర్చున్నాం. అమ్మ దగ్గుతూ నన్ను తిడుతోంది, నాన్న మాత్రం చుక్కల్ని చూస్తూ "టీవీ కంటే ఇదే నయం" అంటున్నారు. తర్వాత రెండో గదికి మార్చారు. వేడినీళ్ళ సంచులు ఇచ్చారు, పెంకుటిల్లు గారికి అమ్మ ఆశీస్సులు. మంచం ఎత్తే, పీట అడిగితే వెంటనే తెచ్చారు.

పడయప్ప కనబడలేదు. తెల్లారుజామున మూడు అడవిదున్నలు పచ్చికలో నిలబడి ఉన్నాయి, ముక్కుల్లోంచి ఆవిరి వస్తోంది. నాన్న అద్దం వెనక నుంచే దండం పెట్టారు. ఎలియనోర్ సమాధి దాకా అమ్మ ఎక్కింది, నాన్న కింద బెంచీ మీదే. తిరిగొస్తూ "పాపం, ఎంత వయసో" అంది, మూడుసార్లు.

అసలు చెప్పాల్సింది ఆ బంగ్లా చూసుకునే పెద్దాయన గురించి. పేరు రాయను. ముప్ఫై ఏళ్ళ పైనుంచి అక్కడే, అంతకుముందు వాళ్ళ నాన్న. మా ఆవిడకి తమిళం వచ్చు కాబట్టి మాటలు నడిచాయి. రెండో రాత్రి అమ్మ ఊరుకోక అడిగింది, "ఇన్నేళ్ళు ఈ ఇల్లు చూసుకున్నావు, ఇందులో ఎప్పుడైనా పడుకున్నావా?" అని. మా ఆవిడ తర్జుమా చేయడానికి మొహమాటపడింది. ఆయన నవ్వాడు. పడుకున్నాడట, రెండు రాత్రులు. 2018 ఆగస్టు వరదప్పుడు రోడ్లు తెగిపోయి ఊరికి సంబంధాలు లేకుండా పోయాయి. లయాల వెనక గట్టు జారుతోందని భయమేసి, మేనేజరు అందర్నీ బంగ్లాకి వచ్చేయమన్నాడట. డైనింగు హాల్లో పిల్లలు, గదుల్లో ముసలివాళ్ళు, వరండాలో వంట. అన్ని ఫైర్‌ప్లేసుల్లోనూ ఒకేసారి మంట వేయడం తన సర్వీసులో ఆ ఒక్కసారేనట. "పొగ రాలేదా?" అన్నారు నాన్న. రాలేదట.

మూడో రోజు వాళ్ళింటికి టీకి పిలిచాడు. వెళ్ళడమా మానడమా అని నేను తటపటాయిస్తుంటే నాన్న అప్పటికే చెప్పులేసుకున్నారు. ఎర్రమట్టి గారు చెప్పినట్టే ఉంది ఇల్లు. ఒక గది, చిన్న వంటిల్లు, గోడ అవతల పక్కింటివాళ్ళ టీవీ వినబడుతోంది (నాన్న మొహం వెలిగింది). బంగ్లాలో మాకు పెద్ద ఆకు ఆర్థొడాక్స్ టీ, పాలు లేకుండా, పలచగా ఇచ్చేవాళ్ళు. అమ్మానాన్నలకి అది వేడినీళ్ళలాగే అనిపించింది. ఇక్కడ పెద్దాయన భార్య డస్టు పొడి వేసి, పాలు పోసి, అల్లం దంచి, మూడు పొంగులు రానిచ్చింది. నాన్న రెండు గ్లాసులు తాగి, ఆ పొడి ఎక్కడ దొరుకుతుందని అడిగారు. వచ్చేటప్పుడు వైట్ టీ కొందామనుకున్న డబ్బుతో డస్టు పొడే మూడు కిలోలు తెచ్చుకున్నాం.

ఆయన వచ్చే ఏడు రిటైరవుతాడు. కొడుకు తిరుప్పూరులో బనియన్ల పనిలో ఉన్నాడు, తోటకి రానన్నాడట. ఇల్లు సంగతేమిటని నేనడగలేదు.

ఎర్రమట్టి | ఆదివారం మధ్యాహ్నం 12:10

మంచిగ రాసిండ్రు. ఒక్కటి అడుగుత. ఆ పెద్దమనిషికి ఇచ్చింది చేతికే ఇచ్చిండ్రా, ఆఫీసు కాడ డబ్బాల ఏసిండ్రా?

గోదారిగట్టు | ఆదివారం మధ్యాహ్నం 12:18

చేతికేనండి. నాన్న ఇచ్చారు, అమ్మ వాళ్ళావిడకి చీర పెట్టింది.

మాజీచిన్నదొర | ఆదివారం మధ్యాహ్నం 12:40

మంచి పని చేశారు. డబ్బాలో వేసింది ఎన్ని చేతులు తిరిగి వస్తుందో నాకు తెలుసు.

కొత్తబావ | మంగళవారం రాత్రి 11:02

అన్నా, మేం ఏప్రిల్లో అదే బంగ్లాకి వెళ్దామనుకుంటున్నాం. చిమ్నీలో ఆ గూడు తీయించేశారా?

గోదారిగట్టు | బుధవారం ఉదయం 7:15

లేదు తమ్ముడూ. తీద్దామని మనిషి పైకెక్కితే, పక్షి ఇంకా వచ్చిపోతోందని పెద్దాయనే ఆపించాడు. మీరు రెండో గది అడగండి.